జేబుల్లేని అంగీ

పాస్టర్లు వేసుకునే తెల్ల అంగీకి జేబులు ఉండకూడదు. దేవుడి ఎదుట నిలబడేవాడు తన కోసం ఏదీ దాచుకోకూడదని దాని అర్థమట. ఆ మాట నాకు మొదట చెప్పింది మా సంఘం పెద్ద పాస్టరు, మేం పెద్దయ్యగారనే ఆయనే. చెప్పి, కొలతలు ఇచ్చి, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు. "అమ్మా, లోపలివైపు చిన్న జేబొకటి పెట్టండి. ఫోన్ పట్టేంత. పైకి కనపడకూడదు" అన్నారు. పెట్టాను. ఆయన తర్వాత వచ్చినవాళ్లందరికీ పెట్టాను.

సెమినరీలో చదువు ముగించుకుని బయటికొచ్చే ప్రతి బ్యాచ్‌కీ అంగీలు కుట్టేది నేనే. ఏ పాస్టరు నడుము ఏ ఏడు ఎంత పెరిగిందో, ఎవరి అంగీ ముందువైపు ఎందుకు పైకి లేస్తుందో నన్నడగండి. సేవలోకి దిగేటప్పుడు అందరూ వెదురుబద్దల్లా ఉంటారు. తర్వాత్తర్వాత ముందు ముక్క కాస్త పొడుగ్గా కత్తిరించాల్సి వస్తుంది. నాకు నోరెక్కువని మా వీధిలో పేరుంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఇప్పుడు చెప్పబోయేదీ ఉన్నమాటే కాబట్టి ఉలికిపడేవాళ్లు ఇక్కడే లేచి వెళ్లిపోవచ్చు.

మా కోడల్ని నేను మొదట చూసింది ఆ సెమినరీ హాల్లోనే. ఆ ఏడు చదువు పూర్తయిన మగపిల్లల్ని వరసగా నిలబెట్టి భుజాలూ చేతులూ కొలుస్తున్నాను. ఆడపిల్లలకు అంగీలు లేవు. వాళ్లు పట్టా తీసుకుని, చివరి పాటలో గొంతు కలిపి, ఇళ్లకు వెళ్లిపోవాలి. అందరికంటే గ్రీకులోనూ ప్రసంగంలోనూ ముందున్న పిల్ల ఒకతి వచ్చి మగపిల్లల వరస చివర నిలబడింది.

"ఆంటీ, నా కొలత కూడా తీసుకోండి" అంది.

"నీకెందుకమ్మా? ఆడవాళ్లకి గురుపట్టం ఇవ్వరుగా" అన్నాను.

"ఇవ్వరు. ఇచ్చేనాటికి మీకు కొలతలు తీసే ఓపిక ఉంటుందో లేదోనని."

వెనకున్న కుర్రాళ్లు ఘొల్లుమన్నారు. నాకు మాత్రం ఆ నోరు తెగ నచ్చేసింది. మా ఇంట్లో నాకు దీటైన నోరు ఒకటుంటే బాగుంటుందని అప్పుడే అనుకున్నాను. మావాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. వాడి నోట మాట రావాలంటే మీట నొక్కాలి. ఆ పిల్ల మీట ఎక్కడుందో కనిపెట్టింది, మా ఇంటికొచ్చింది.

గురుపట్టమంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. సెమినరీలో చదివినంత మాత్రాన పాస్టరు అయిపోరు. కొన్నేళ్లు సేవ చేశాక, పెద్దలు తల మీద చేతులుంచి ప్రార్థించి, భుజాల మీద పట్టీ వేస్తారు. అదే గురుపట్టం. అప్పటినుంచే ఆ మనిషి బల్ల దగ్గర నిలబడి రొట్టెనూ ద్రాక్షారసాన్నీ ఆశీర్వదించి సంఘానికి ఇవ్వొచ్చు. ఆ ఇచ్చేదాన్ని కూడా మేం బల్ల అనే అంటాం, ప్రభువు బల్ల. మా కోడలితో చదివిన కుర్రాళ్లకు చదువైన వెంటనే సంఘాలూ, ఆ కొన్నేళ్లు నిండగానే గురుపట్టాలూ వచ్చేశాయి. ఈమెకు సంఘం ఇవ్వలేదు. ఆస్పత్రిలో రోగుల మంచాల దగ్గర కూర్చుని ప్రార్థన చేసే పని ఒకటుంటే, ఆస్పత్రివాళ్లే పిలిచి ఇచ్చారు. ఆ పనిని సంఘంలో ఎవరూ సేవ అనలేదు. "సిస్టర్ ఆస్పత్రిలో ఉద్యోగం చేస్తోంది" అనేవాళ్లు.

ఏటా పాత విద్యార్థులంతా సెమినరీలో కలుస్తారు. ఎవరి సేవా ప్రయాణం వాళ్లు లేచి చెప్పుకుంటారు. నేను ఆ రోజు చిరిగిన అంగీలు బాగుచేసి ఇవ్వడానికి వెళ్తాను కాబట్టి అన్నీ విన్నదాన్నే. అందులో ఒకడున్నాడు, మా కోడలి క్లాసువాడే, మైకు అని పిలిచేవాళ్లు. మైకు అక్కర్లేని గొంతు. ఇప్పుడు మా సంఘంలోనే పెద్దయ్యగారి కింద రెండో పాస్టరు, కమిటీకి కార్యదర్శి కూడా. వాడు లేచాడంటే ఎక్కడెక్కడ మాట్లాడాడో, ఎంతమంది కన్నీళ్లు పెట్టుకున్నారో చెప్పి గాని కూర్చోడు. మా కోడలి వంతు వచ్చేసరికి భోజనాల వేళయ్యేది. "సిస్టర్, మీరు ప్రార్థనతో ముగించండి" అనేవాడు. చావుబతుకుల మధ్య ఉన్నవాళ్ల చేతులు పట్టుకుని కూర్చునే మనిషికి చెప్పడానికి ఏమీ ఉండదని వాడి లెక్క. నాకు ఒళ్లు మండిపోయేది. కోడలేమో నవ్వి, రెండు మాటల్లో ప్రార్థన ముగించి, "తినండి, చల్లారిపోతుంది" అనేది.

చివరికి పైనున్న పెద్దలు ఆడవాళ్లకూ గురుపట్టం ఇవ్వొచ్చని తీర్మానం చేశారు. మా సంఘంలో మొదటి పేరు మా కోడలిది. కాదనడానికి కమిటీకి కారణం దొరకలేదు. తేదీ పెట్టారు. నేను బజారంతా తిరిగి, ముడత పడని మంచి గుడ్డ తెచ్చి, తలుపు మూసుకుని కత్తిరించాను. భుజాల కింద సన్నటి మడతలు చేత్తోనే కుట్టాను. అంచు మాత్రం వదిలేశాను, ఆఖర్న ఆమె వేసుకున్నాక పొడవు చూసి మడవాలని. ఆ అంగీని హ్యాంగరుకు తగిలించి, దుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పాను. మావాణ్ని కూడా ముట్టుకోనివ్వలేదు.

అంతా సజావుగా సాగుతుంటే రొట్టెలమ్మకు జబ్బు చేసింది.

రొట్టెలమ్మ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. మా సంఘానికి బల్ల రొట్టె ఆమె పొయ్యి నుంచే వచ్చేది. నా పెళ్లికి ముందునుంచీ ఆమే. నెలకోసారి వచ్చే బల్ల ఆదివారం తెల్లవారుతూనే రొట్టె కాల్చి, తెల్లటి గుడ్డలో చుట్టి, బుట్టలో పెట్టి తెచ్చి బల్ల మీద ఉంచి, వెనక వరసలో కూర్చునేది. పెద్దయ్యగారు విరిచింది ఆమె రొట్టే, మైకు తన మొదటి బల్లకు వణుకుతూ పట్టుకుంది ఆమె రొట్టే. ఒళ్లు సహకరించకపోయాక కూతురు కాల్చడం మొదలుపెట్టింది. ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని వంకలు పెట్టేది.

ఆ మనిషి ఆస్పత్రిలో మంచం మీద, ఇక లేవదని డాక్టరమ్మ చెప్పేసిన మధ్యాహ్నం, మా కోడలి చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది. "బల్ల ఇప్పించమ్మా. తీసుకుని వెళ్తాను" అంది. నేను కోడలికి భోజనం పట్టుకెళ్లి అక్కడే ఉన్నాను. కాబట్టి ఇది ఎవరో చెబితే విన్నమాట కాదు.

మామూలుగా అయితే ఇందులో చిక్కేమీ లేదు. ఆరాధనకు రాలేని రోగుల కోసం, పెద్దయ్యగారు ఆశీర్వదించిన రొట్టెలో కొంత చిన్న స్టీలు డబ్బాలో పెట్టి మా కోడలికి ఇస్తారు. పట్టం లేనివాళ్లు దాన్ని మోయొచ్చు, పంచొచ్చు. ఆశీర్వాదపు మాటలు మాత్రం పలకకూడదు. అయితే ఆ నెల డబ్బా ఖాళీగా వచ్చింది. ఎందుకంటారా? ఆశీర్వదించిన రొట్టె మిగిలితే పారేయకూడదు, అక్కడే తినెయ్యాలని ఇంకో నియమముంది. ఆ నియమాన్ని కమిటీ పెద్దలు చాలా భక్తిగా పాటించారు. ఆరాధన అయ్యాక లోపలి గదిలో కూర్చుని కాఫీతో సహా పాటించారు. డబ్బా సంగతి గుర్తొచ్చేసరికి పళ్లెంలో పొడి కూడా మిగల్లేదు. "వచ్చే నెల చూద్దాం సిస్టర్" అని ఖాళీ డబ్బా చేతిలో పెట్టారు.

కోడలు వరండాలోకి వెళ్లి పెద్దయ్యగారికి ఫోన్ చేసింది. ఆయన ఎవరిదో కొత్త షాపుకు ప్రార్థన చేసి రిబ్బను కత్తిరించబోతున్నారు. "భోజనం పెట్టకుండా వదిలేలా లేరమ్మా. రేపు వస్తాను" అన్నారు. మైకుకు చేసింది. వాడు ఎక్కడో పిల్లల వాక్య పోటీలకు జడ్జి. "సాయంత్రం అయ్యాక చూస్తా సిస్టర్. మీరు ఈలోగా ఒక కీర్తన చదవండి" అన్నాడు. ఇల్లు కాలుతుంటే చుట్టకి నిప్పు అడిగినట్టుంది వీళ్ల వరస. ఆమె మళ్లీ లోపలికి వచ్చి రొట్టెలమ్మ మొహం చూసింది. ఆ మొహంలో సాయంత్రం దాకా వ్యవధి లేదని నాకే తెలుస్తోంది.

రొట్టెలమ్మ కూతురు పొద్దున్నే రొట్టె కాల్చి తెచ్చింది, పాలలో నానబెట్టి పెడదామని. అది మంచం పక్క బల్ల మీద గుడ్డలో చుట్టి ఉంది. కోడలు ఆ గుడ్డ విప్పింది. చేతులు కడుక్కుని వచ్చింది. ఆ మాటలు, గురుపట్టం ఉన్న నోరే పలకాలన్న మాటలు, తప్పుపోకుండా నెమ్మదిగా పలికింది. చిన్న ముక్క విరిచి, రోగుల కోసం సంచిలో ఉంచుకునే సీసాలోని ద్రాక్షారసంలో తడిపి, ముసలామె పెదాల మధ్య పెట్టింది. నాకూ కూతురికీ కూడా ఇచ్చింది. నేను బతుకంతా బల్ల తీసుకున్నదాన్ని. ఆ రోజు తీసుకున్నట్టు ఎప్పుడూ తీసుకోలేదు.

రొట్టెలమ్మ చాలాసేపు నమిలింది. కళ్లు తెరిచి కూతురి వైపు చూసింది.

"ఉప్పు తక్కువైంది" అంది.

కూతురు ఏడుస్తూనే నవ్వింది. పొద్దువాలకముందే రొట్టెలమ్మ పోయింది. మైకు చీకటి పడ్డాక ఫోన్ చేశాడు, ఇప్పుడు రమ్మంటారా అని.

మట్టి చేసిన రోజున కూతురు అందరికీ కృతజ్ఞతలు చెబుతూ, "మా అమ్మ చివర్న బల్ల తీసుకుని వెళ్లింది. అక్కే ఇచ్చింది" అంది. ఆ పిల్ల మనసులో ఏ కల్మషమూ లేదు. కమిటీవాళ్ల మెడలు మాత్రం ఒక్కసారిగా ఇటు తిరిగాయి. ఇన్నాళ్లూ దొరకని కారణం సమాధి పక్కనే దొరికిందన్నమాట.

కోడల్ని పిలిచారు. గురుపట్టం ఆరాధనకు పెద్దయ్యగారు కూడా కొత్త అంగీ కుట్టించుకుంటున్నారు. దాన్ని సరిచూడ్డానికి అదే వేళకు నన్ను రమ్మన్నారు. నేను పక్కగదిలో అంగీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఉక్కగా ఉందని తలుపులు తెరిచే ఉంచారు. ప్రతి మాటా వినబడింది.

"నియమం తెలియక చేశావా అమ్మా?" అని పెద్దయ్యగారు అడిగారు.

"తెలిసే చేశానండి."

"పట్టం లేకుండా ఆశీర్వదిస్తే అది బల్ల కాదు. ఉత్త రొట్టె. అవునా?"

"ఉత్త రొట్టె అయితే నేను నియమం తప్పినట్టు కాదు కదండీ. ఆకలిగా ఉన్న మనిషికి రొట్టె ముక్క పెట్టాను. దానికి కమిటీ ఎందుకు? అది బల్లే అయితే ఆమెకి అందింది. అందినదాన్ని మీరు వెనక్కి తీసుకోలేరు. రెండింట్లో ఏదో ఒకటి చెప్పండి."

నేను సూది ఎక్కడ గుచ్చుతున్నానో చూసుకోకుండా వేలికి గుచ్చుకున్నాను.

"తర్కాలొద్దు" అన్నారు పెద్దయ్యగారు. "ఇది క్రమశిక్షణ విషయం."

అప్పుడు మైకు గొంతు తగ్గించాడు. వాడి గొంతు తగ్గితే మిగతావాళ్ల మామూలు గొంతంత ఉంటుంది. "సిస్టర్, మీ మంచి కోరే చెబుతున్నా. వచ్చే ఆదివారం బల్ల ఆదివారం. సంఘం ముందు నిలబడి, నేను రొట్టెలమ్మగారికి ఇచ్చింది ఉత్త రొట్టె మాత్రమే, ప్రభువు బల్ల కాదు అని ఒక్క మాట చెప్పండి. ఆపై ఆదివారం మీ పట్టం మామూలుగా జరిగిపోతుంది. ఒక్క మాటేగా."

"చెప్పకపోతే?"

"పట్టం ఉండదు. ఇప్పుడే కాదు, ఇక ముందు కూడా."

డబ్బాలో రొట్టె పెట్టకుండా తినేసినవాళ్లు ఎవరూ సంఘం ముందు నిలబడక్కర్లేదు. రిబ్బను కత్తిరించడానికి వెళ్లినాయన నిలబడక్కర్లేదు. వచ్చిందొక్కతే, నిలబడాల్సిందీ ఆ ఒక్కతే. నేను అంగీ పట్టుకుని లోపలికి వెళ్లి, పెద్దయ్యగారి భుజాల మీద పడేశాను. "చేతులు చాపండి" అన్నాను. ఆయన చాపారు. సూదులు పెట్టేటప్పుడు నా చెయ్యి ఎంత నిగ్రహించుకుందో ఆ దేవుడికే తెలుసు.

ఇంటికొచ్చాక మావాడు విషయమంతా విని, "చెప్పెయ్యరాదూ?" అన్నాడు. "రొట్టెలమ్మ ఎటూ లేదు. ఆమెకిప్పుడు ఏమీ తగ్గిపోదు. నువ్వు పాస్టరువైతే రేపటి నుంచి ఎంతమందికైనా ఇవ్వొచ్చు. ఎవర్నీ అడగక్కర్లేదు."

వాడు అన్నదాంట్లో తప్పు వెతికాను, దొరకలేదు. వార్డులో అలా అడిగేవాళ్లు రొట్టెలమ్మ ఒక్కతే కాదు. కోడలు మొహం చూస్తే ఆమె కూడా అదే అనుకుంటున్నట్టుంది. దుప్పటి కింద ఉన్న అంగీ వైపు ఒకసారి చూసి, చూపు తిప్పేసుకుంది. పట్టీ భుజాల మీద పడ్డాక ఎలా ఉంటుందో ఇన్నేళ్లు ఊహించుకున్న మనిషి. "అంచు మడిచెయ్యమంటావా?" అని నేనే అడిగాను. "ఆదివారం కానివ్వండి అత్తయ్యా" అంది.

శనివారం కోడలూ నేనూ నా కుట్టుగదిలో ఉండగా రొట్టెలమ్మ కూతురు వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. చేతులకింకా పిండి ఉంది.

"అక్కా, మన సంఘంలో ఒకావిడ అంది. అమ్మ బల్ల లేకుండానే పోయిందట కదా. నేను పిచ్చిదానిలా అందరి ముందూ గొప్పగా చెప్పానట." వేళ్లకంటిన పిండి గిల్లుకుంటూ అడిగింది. "అమ్మకి అందిందా అక్కా? నిజం చెప్పు. అందకపోతే అందలేదనే చెప్పు."

కోడలు లేచి వెళ్లి ఆ పిల్ల పిండి చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది.

"అందింది" అంది. ఇంకేమీ కలపలేదు.

ఆ పిల్ల తలూపి, రేపటి రొట్టెకు పిండి కలిపి వచ్చానని చెప్పి వెళ్లిపోయింది. మావాడు మూల కూర్చుని ఏదో వైరు చుడుతున్నాడు. చుట్టడం ఆపేశాడు. ఇక చెప్పెయ్యమని మళ్లీ అనలేదు.

ఆదివారం హాలు కిటకిటలాడింది. ఇలాంటివాటికి మాత్రం జనం తప్పకుండా వస్తారు, వాన పడ్డా వస్తారు. రొట్టెలమ్మ కూతురు ఎప్పటిలాగే బుట్ట తెచ్చి బల్ల మీద ఉంచి, తల్లి కూర్చునే వెనక వరసలో కూర్చుంది. పాటలయ్యాయి. పెద్దయ్యగారు మా కోడల్ని ముందుకు పిలిచారు. మైకు వచ్చి ఆమె ముందు మైకు స్టాండు సరిచేశాడు, అంత మర్యాద.

కోడలు వెనక వరసవైపు చూస్తూ మాట్లాడింది.

"రొట్టెలమ్మగారు ఆస్పత్రిలో బల్ల అడిగారు. ఇవ్వాల్సినవాళ్లని పిలిచాను. ఎవరూ రాలేదు. నేను ఇచ్చాను. నేను ఇచ్చింది ప్రభువు బల్లే. నాకు పట్టం లేదు, నియమం దాటాను. దానికి మీరు వేసే శిక్ష ఏదైనా సరే పడతాను. కానీ ఆమెకి అందలేదని మాత్రం చెప్పను. అందింది."

పెద్దయ్యగారి మెడ ఎర్రబడింది. "కూర్చో అమ్మా" అన్నారు. ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది.

ఆయన అంతటితో ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ఊరుకోలేదు. "సంఘానికి స్పష్టత కోసం చెబుతున్నాను" అని మొదలుపెట్టారు. "పట్టం లేని చేతుల నుంచి వచ్చింది ఉత్త రొట్టె. ఆ సహోదరికి బల్ల అందలేదు. ఇది కమిటీ నిర్ణయం. ఈ సహోదరి గురుపట్టం రద్దయింది." కన్నతల్లిని మట్టిలో పెట్టిన పిల్ల వెనక వరసలో కూర్చుని వింటోందని ఆయనకు తెలుసు. తెలిసే చెప్పారు. అంత చదువూ, అంత సేవా, అన్నేళ్ల ప్రార్థనా కలిపి ఆ నోటికి ఈపాటి జాలి కూడా నేర్పలేదు. లేచి నాలుగు కడిగేద్దామని లేవబోయాను. కోడలు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

అంతలో వెనక నుంచి అడుగుల చప్పుడైంది. రొట్టెలమ్మ కూతురు నడుచుకుంటూ ముందుకు వచ్చింది. బల్ల దగ్గరికి వెళ్లి, బుట్ట మీద గుడ్డ సరిచేసి, బుట్ట చంకన పెట్టుకుంది.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నారు పెద్దయ్యగారు.

"తీసుకెళ్తున్నానండి. అమ్మకి ఆ రోజు పెట్టింది కూడా ఈ పొయ్యిదే, ఈ చేతులదే. అమ్మకి ఉత్త రొట్టె అయింది కదా. మీకూ ఉత్త రొట్టె ఎందుకు."

ఆ పిల్ల అరవలేదు, ఏడవలేదు. మధ్యదారిలో నుంచి నడుచుకుంటూ తలుపు దాకా వెళ్లి, బయట వదిలిన చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఎవరూ ఆపలేదు.

తర్వాత జరిగింది చూడాలి. పెద్దయ్యగారు మైకు వైపు చూశారు. మైకు పక్కగుమ్మం నుంచి కాలుగాలిన పిల్లిలా పరిగెత్తాడు. ఇక్కడ సంఘమంతా పాట మీద పాట పాడుతూ కూర్చుంది. వాడు రోడ్డవతలి షాపు నుంచి బ్రెడ్డు పొట్లం పట్టుకొచ్చాడు. ముక్కలు కోసి అమ్మే తియ్య బ్రెడ్డు. పైనున్న కవరు బల్ల దగ్గరే చించాడు, అది చేసే చప్పుడు స్పీకర్లలో హాలంతా వినపడింది. పెద్దయ్యగారు ఆ ముక్కల మీద చేతులుంచి ప్రార్థించారు. అది బల్ల అయింది. ఎవరు కాల్చారో, ఎప్పుడు కాల్చారో తెలియని ముక్క ప్రభువు బల్ల అయింది. బతుకంతా బల్లకు రొట్టె కాల్చిన మనిషి నోట్లో, ఆమె పొయ్యి మీది రొట్టె మాత్రం కాలేదు.

పళ్లెం మా వరసకు వచ్చింది. కొంతమంది తీసుకున్నారు, వాళ్లను నేనేమీ అనను. మావాడు పళ్లెం అందుకుని, ఒక్కక్షణం చూసి, ముట్టుకోకుండా పక్కకు అందించాడు. వాడి పక్కనున్నాయన కూడా అలాగే అందించాడు. ఆ పళ్లెం వెనక వరసల నుంచి తిరిగి వచ్చేసరికి సగం నిండుగానే ఉంది. మిగిలింది తినెయ్యాలి కదా, నియమం. ఆ రోజు కమిటీవాళ్లకు కాఫీలోకి బాగానే సరిపోయి ఉంటుంది.

పెద్దయ్యగారి కొత్త అంగీ ఇంకా నా దగ్గరే ఉండిపోయింది. మర్నాడు ఇస్త్రీ చేసి పంపించాను. పంపే ముందు లోపలి జేబు నోరు దగ్గర దగ్గరగా కుట్టేశాను. ఏదీ దాచుకోకూడదని నాకు చెప్పింది ఆయనే.

కోడలి అంగీ హ్యాంగరు మీదే ఉంది. అంచు మడవలేదు, తీసి పెట్టెలో పెట్టడానికి మనసు రాలేదు. దాని వైపు చూస్తే మిషను తొక్కబుద్ధి కాక, తలుపు వైపు తిరిగి కూర్చుని కుట్టుకున్నాను. ఆస్పత్రివాళ్లకు కూడా ఫిర్యాదు వెళ్లిందని విన్నాం. మా కోడలు మాత్రం పొద్దున్నే లేచి, ఎప్పటిలాగే వార్డుకు వెళ్లి వచ్చేది.

ఆ వారం మధ్యలో ఒక సాయంత్రం ఆమె నా గదిలోకి వచ్చి, దుప్పటి తీసేసి, అంగీని హ్యాంగరుతో సహా దించి నా కత్తిరింపు బల్ల మీద పరిచింది.

"అత్తయ్యా, దీన్ని కత్తిరించండి" అంది.

"నీకేమైనా మతి పోయిందా?" అన్నాను. "ఆ మడతలు నేను చేత్తో కుట్టాను. ఈ కమిటీ పోతే ఇంకో కమిటీ వస్తుంది. ఉండనీ."

"ఇంకో కమిటీ వచ్చేదాకా వార్డులో వాళ్లు ఆగరు కదా. మోకాళ్ల దాకా చాలు. పొడుగ్గా ఉంటే మంచాల మధ్య కాళ్లకి అడ్డం పడుతుంది." పక్క కుట్టు మీద వేలు పెట్టి, "జేబులు కూడా పెట్టండి. రెండూ. పైకి కనపడేలా" అంది.

"ఎవరైనా మళ్లీ అడిగితే?"

"ఇస్తాను."

"ఈసారి ఉద్యోగం కూడా పోతుందే అమ్మాయ్."

"పోనివ్వండి. మీకు కాజాలు కుట్టి పెడతాను" అంది. ఆమెకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అంగీ అంచు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పెద్ద కత్తెర తీశాను. ఇన్నేళ్లలో ఎన్నో అంగీలు కుట్టాను, కుట్టాక ఒక్కటీ కోయలేదు. మోకాళ్ల దగ్గర గీత గీసి, ఈ చివర నుంచి ఆ చివరకు కోసేశాను. కింద ముక్క నేల మీద జారిపడింది. జేబులకు ఆ ముక్కే సరిపోతుందని ఎత్తి బల్ల మీద పెట్టాను.

"ఎంత లోతు కావాలి?" అని అడిగాను.

ఆమె సంచిలోంచి స్టీలు డబ్బా తీసి గుడ్డ మీద పెట్టింది. డబ్బా వెచ్చగా ఉంది. రొట్టెలమ్మ కూతురు ఇప్పుడే ఇచ్చి వెళ్లిందట, ఈసారి ఉప్పు సరిపోయిందో లేదో చూసి చెప్పమందట. నేను సుద్దముక్క తీసుకుని డబ్బా చుట్టూ గీత గీశాను.